పాపకు ఆపిల్ మెత్తగా ఉడకడం లేదు, ఎక్కడ తప్పు చేస్తున్నా?

బుజ్జిదాని_అమ్మ
పాపకు ఎనిమిదో నెల. నాలుగు రోజుల నుంచి ఆపిల్ ఉడికించి పెట్టాలని చూస్తున్నా, ఒక్కరోజూ సరిగ్గా కుదరలేదు. మొదటిరోజు ముక్కలు మునిగేలా నీళ్లు పోసి ఉడకబెట్టా. తియ్యదనమంతా నీళ్లలోకి దిగిపోయి ముక్క చప్పగా అయింది. పైగా ముక్కలన్నీ పైకి తేలి ఒకపక్కే ఉడికాయి. రెండోరోజు నీళ్లు తగ్గిస్తే అడుగంటింది. మూడోరోజు మాడకూడదని మంట బాగా సన్నగా పెట్టి, నీళ్లు మరగనివ్వకుండా అరగంట పైనే ఉంచా. చిత్రమేంటంటే అసలు మెత్తబడలేదు. తర్వాత మంట పెంచి ఇంకో పావుగంట ఉడికించినా పంటికింద గట్టిగానే తగులుతోంది. నల్లబడకుండా నిమ్మరసం కూడా పిండా.

నిన్న పప్పుగుత్తితో మెదిపి పెడితే ఏదో పలుకు గొంతుకు తగిలినట్టుంది, పాప మొహం ఎర్రబడి, దగ్గి, తిన్నదంతా కక్కేసింది. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. మిక్సీలో వేసి నీళ్లలా చేసి తాగించెయ్యమంటున్నారు ఇంట్లో. అదే దారా? తేలిగ్గా అయ్యే పద్ధతి ఎవరైనా చెప్పండి.

కుక్కర్_వీరుడు
కుక్కర్‌లో వేసి ఒక్క విజిల్. దించెయ్యడమే. మా ఇంట్లో ఇద్దరు పిల్లలూ అలా తినే పెరిగారు.

ఆవిరిగిన్నె
విజిల్ వద్దు, ఆవిరి మీద పెట్టండి. ముక్క నీళ్లకు తగలకూడదు. నేను చేసేది ఇది: చెక్కు తీసి, నాలుగు చెక్కలు చేసి, గింజల గది మొత్తం కోసేసి, సెంటీమీటరున్నర మందాన ముక్కలు. కింద గిన్నెలో నీళ్లు మరిగి ఆవిరి బాగా వచ్చాకే పైన ముక్కలు పెట్టి మూత. 8 నుంచి 10 నిమిషాలు. పెద్ద చెక్కలైతే 12 దాకా. కింద మిగిలిన నీళ్లు పారబోయకండి, గుజ్జు గట్టిగా అనిపిస్తే అవే రెండు చెంచాలు కలపండి. రుచి ఎక్కడికీ పోదు.

నిద్రలేని_నాన్న
"ఒక్క విజిల్" అని అందరూ చెప్తారు గానీ ఒక్కో కుక్కర్ విజిల్ ఒక్కోలా వస్తుంది. మాది మూడు నిమిషాలకు కూస్తే మా అక్కవాళ్లది ఏడు నిమిషాలకు.

ముగ్గురి_తల్లి
అసలు సమస్య ఉడకడం గురించి మాత్రమే కాదనిపిస్తోంది. ఆ పలుకు ఏంటో చూశారా? చాలాసార్లు అది ఉడకని ఆపిల్ కాదు, గింజల చుట్టూ ఉండే పొర. చేపపొలుసులా ఉంటుంది, ఎంత ఉడికినా మెత్తబడదు. పైపైన గింజలు మాత్రమే తీసేస్తే ఆ పొర ముక్కకు అంటుకునే ఉంటుంది. నా రెండోవాడికి సరిగ్గా ఇదే అయింది. అప్పటి నుంచి చెక్కను పడుకోబెట్టి లోపలి భాగం ఏటవాలుగా కాస్త ఎక్కువే కోసేస్తా. కొంచెం కండ పోయినా పర్లేదు.

బుజ్జిదాని_అమ్మ
@ముగ్గురి_తల్లి అక్కా, ఇప్పుడే గిన్నెలో మిగిలింది వేలితో నలిపి చూశా. మీరన్నట్టే పల్చటి పొర ముక్క దొరికింది, గోరంత ఉంది. నేను గింజలే తీశా, దాన్ని పట్టించుకోలేదు.

కానీ మూడోరోజు గట్టిగా ఉండిపోవడం మాత్రం అర్థం కాలేదు. అంతసేపు ఉడికించాక కూడా ఎందుకలా?

వంటింటి_రసాయనం
ఇది నాకు చాలా ఇష్టమైన విషయం, కాస్త పొడుగ్గా రాస్తా.

ఆపిల్ కణాల్ని ఒకదానికొకటి అతికించి ఉంచేది పెక్టిన్. బాగా వేడి తగిలితే ఆ పెక్టిన్ కరిగి అతుకు వదులవుతుంది, అదే "మెత్తబడటం". మరిగే నీళ్లలోనో ఆవిరిలోనో ఇది చకచకా జరుగుతుంది. కానీ సుమారు 55–60 డిగ్రీల దగ్గర 20–30 నిమిషాలు ఉంచితే వ్యవహారం తిరగబడుతుంది. ఆ వేడికి పండులోని ఒక ఎంజైము చచ్చిపోదు సరికదా, చురుగ్గా పనిచేస్తుంది. అది పెక్టిన్‌ను కొంచెం మార్చేస్తుంది. మారిన పెక్టిన్‌కు పండులోనే ఉన్న కాల్షియం వచ్చి ముడి వేస్తుంది. అలా బిగుసుకున్న ముక్కను తర్వాత ఎంత మరిగించినా సరిగ్గా మెత్తబడదు. మీరు మూడోరోజు తెలియకుండానే ఆపిల్‌ను బిగించారు. క్యారెట్, బంగాళాదుంప, బీట్‌రూట్ కూడా ఇంతే.

కాబట్టి మొదట్లోనే వేడి గట్టిగా తగలాలి. మరిగిన తర్వాత మంట తగ్గించుకోండి, ముందు కాదు.

ఇక తేలడం గురించి. ఆపిల్ పరిమాణంలో దాదాపు నాలుగో వంతు గాలే. అందుకే నీళ్లలో మునగదు, పైభాగం బయటే ఉండిపోతుంది. @ఆవిరిగిన్నె చెప్పిన పద్ధతిలో ఈ బాధ లేదు, ఆవిరి అన్నివైపులా తగులుతుంది.

నిమ్మరసం అవసరం లేదు. నల్లబడేది కూడా ఎంజైము పనే, కోసిన వెంటనే ఆవిరికి ఎక్కిస్తే అది అక్కడితో ఆగిపోతుంది.

కుక్కర్_వీరుడు
@వంటింటి_రసాయనం అంత వేడి కావాలంటే కుక్కరే కదా మరి మంచిది? నా మాటే గెలిచింది.

వంటింటి_రసాయనం
వేడి విషయంలో మీదే గెలుపు :) కానీ ఒక జాగ్రత్త. ఆపిల్ గుజ్జు ఉడుకుతుంటే నురగ కట్టి పైకి పొంగుతుంది. నేరుగా కుక్కర్ అడుగున వేస్తే ఆ నురగ వెళ్లి ఆవిరి పోయే రంధ్రానికి అడ్డం పడొచ్చు. ఆపిల్ గుజ్జు నేరుగా వండొద్దని కుక్కర్లతో వచ్చే పుస్తకాల్లోనే రాసి ఉంటుంది చాలావాటిలో.

కుక్కర్_వీరుడు
నేను నేరుగా వెయ్యను, అది రాయడం మర్చిపోయా. కుక్కర్‌లో నీళ్లు పోసి, లోపల చిన్న గిన్నెలో ముక్కలు పెట్టి, గిన్నె మీద పళ్లెం మూత. గిన్నెలో చుక్క నీళ్లు కూడా వెయ్యను. ఆవిరి దానంతటది దిగాకే తీస్తా. ఇలా ఎప్పుడూ పొంగలేదు. @వంటింటి_రసాయనం చెప్పింది నిజమే, కొత్తవాళ్లకు ఇది ముందే చెప్పాల్సింది.

పిల్లల_నర్సు
వంట గురించి మీరంతా బాగా చెప్తున్నారు. నేను ఆ దగ్గు గురించి చెప్తా, ఎందుకంటే ఈ అమ్మాయి భయపడింది అక్కడ.

ఓకరింత వేరు, గొంతుకు అడ్డం పడటం వేరు. ఓకరించే బిడ్డ చప్పుడు చేస్తుంది, దగ్గుతుంది, మొహం ఎర్రబడుతుంది, నాలుక ముందుకు తోసి బయటికి నెట్టేస్తుంది. ఈ వయసులో ఓకరింత పుట్టే చోటు పెద్దవాళ్లకంటే నాలుక మీద ముందుకే ఉంటుంది, అందుకే చీటికీ మాటికీ వస్తుంది. అది బిడ్డను కాపాడే ఏర్పాటు. మీ పాపకు అయింది అదే. పక్కన ఉండి, కంగారు మొహంలో కనపడనివ్వకుండా చూస్తుంటే చాలు.

అడ్డం పడితే చప్పుడే ఉండదు. ఏడవలేదు, దగ్గలేదు, పెదాలు నీలంగా మారతాయి. ఏడాదిలోపు బిడ్డనైతే ముంజేతి మీద బోర్లా, తల కిందికి ఉండేలా పట్టుకుని భుజాల మధ్య 5 సార్లు చరచాలి. రాకపోతే వెల్లకిలా తిప్పి ఛాతీ మధ్యలో 5 సార్లు నొక్కాలి. వచ్చేదాకా ఇదే మార్చి మార్చి, ఇంకొకరు అంబులెన్సుకు ఫోన్ చేస్తూ ఉండాలి. కనపడని దాని కోసం నోట్లో వేలు పెట్టి కెలకొద్దు, అది ఇంకా లోపలికి పోతుంది. చదివితే రాదు ఇది, బొమ్మ మీద చేయించి నేర్పే శిక్షణ ఎక్కడ దొరికినా ఒక్కసారి వెళ్లండి. అమ్మమ్మలు, తాతయ్యలు, ఆయా, బిడ్డకు తిండి పెట్టే ప్రతివాళ్లూ.

నిద్రలేని_నాన్న
ఈ పోస్టు దాచుకున్నా. మా ఇంట్లో అందరికీ చూపిస్తా ఈ రాత్రే.

బుజ్జిదాని_అమ్మ
@పిల్లల_నర్సు నిన్నటి నుంచి గుండె మీద ఉన్న బరువు దిగింది అక్కా. చప్పుడు బాగానే చేసింది, కక్కాక మళ్లీ గిన్నె వైపు చెయ్యి చాపింది కూడా. నేనే ఆపేశా.

బామ్మగారు
అంత శాస్త్రం నాకు తెలీదమ్మా. ఆపిల్ ముక్కలు మందపాటి గిన్నెలో వేసి నాలుగు చెంచాల నీళ్లు చిలకరించి, బిగుతుగా మూత పెట్టి, ఉడుకు పట్టాక సెగ తగ్గించేదాన్ని. మధ్యలో ఒక్కసారి కలిపి, దించాక మూత తియ్యకుండా కాసేపు అలా వదిలేసేదాన్ని. ఆ మిగులు వేడికే సగం పని అయిపోతుంది. అడుగంటిందంటే మూత మాటిమాటికీ తీసి చూశావని అర్థం. ఆవిరి పోతే నీళ్లు ఎక్కడుంటాయి?

చల్లారాక ఒక చుక్క తేనె కలిపితే పిల్లలు లొట్టలేసుకుంటూ తింటారు.

పిల్లల_నర్సు
బామ్మగారూ, మూత మాట నూటికి నూరుపాళ్లు. తేనె మాత్రం ఏడాది నిండేదాకా వద్దండీ, ఒక్క చుక్క కూడా. తేనెలో ఒకరకం సూక్ష్మజీవి బీజాలు ఉండే అవకాశం ఉంది, పెద్దవాళ్ల పేగుల్లో అవి మొలకెత్తలేవు. చంటిపిల్లల పేగుల్లో మొలకెత్తి విషం తయారుచేస్తాయి, దాన్ని బోటులిజం అంటారు. కండరాలు చచ్చుబడిపోతాయి. ఉడికిస్తే పోతాయనుకోవద్దు, ఇంట్లో వంట వేడికి ఆ బీజాలు చావవు.

బామ్మగారు
మా రోజుల్లో ఎవరూ చెప్పలేదు తల్లీ. ఇప్పుడు తెలిసింది కదా, మునిమనవడికి పెట్టను. చక్కెర పరవాలేదా?

పిల్లల_నర్సు
అదీ వద్దండీ. ఆపిల్‌లో ఉన్న తీపే వాళ్లకు చాలు. ఉప్పు కూడా అక్కర్లేదు.

కవలల_నాన్న
ఇద్దరు 10 నెలల పిల్లలు, ఉద్యోగం. రోజూ ఒక్కో ఆపిల్ ఉడికించే ఓపిక లేదు. ఆదివారం 8 ఆపిల్స్ ఒకేసారి ఆవిరి మీద వండి, ఫోర్కుతో మెదిపి, ఐస్ ట్రేల్లో పోసి గడ్డకట్టిస్తాం. గట్టిపడ్డాక గడ్డలు తీసి సంచిలో వేసి తేదీ రాస్తాం. ఒక్కో గడ్డ రెండు చెంచాలంత. ఒక పూటకు పిల్లాడికి రెండు గడ్డలు. నెలా రెండు నెలల్లో వాడేస్తాం. మామూలు ఫ్రిజ్‌లో పెట్టేది రెండు రోజులే.

మేము పెట్టుకున్న నియమాలు: వండినదాన్ని గంటల తరబడి బయట ఉంచకుండా త్వరగా చల్లార్చాలి. కరిగించినదాన్ని మళ్లీ గడ్డకట్టించకూడదు. బిడ్డ నోట్లో పెట్టిన చెంచా తగిలిన గిన్నెలోది మిగిలితే దాచకూడదు, ఎంత బాధనిపించినా.

సందేహాల_సరళ
మైక్రోవేవ్‌లో చెయ్యొచ్చా ఎవరైనా చేశారా

కవలల_నాన్న
చేశాం. గాజు గిన్నెలో ఒక ఆపిల్ ముక్కలు, ఒక చెంచా నీళ్లు, పైన పళ్లెం, రెండున్నర నిమిషాలు. ఒక్క ఆపిల్‌కు ఇంతకంటే తొందరగా అయ్యేది లేదు. కానీ ఒకచోట కాలిపోతూ, ఇంకోచోట చల్లగా ఉంటుంది. అడుగు నుంచి బాగా కలిపి, రెండు నిమిషాలు ఆగి, మీ మణికట్టు మీద వేసుకుని చూశాకే పెట్టండి. ఉడికిన ఆపిల్ వేడిని వదలదు, పైన చల్లారినట్టు కనిపించినా లోపల కాలుతుంటుంది.

సందేహాల_సరళ
ఇంకో సందేహం. మా వాడికి ఏడో నెల, రెండు రోజులుగా మోషన్ గట్టిగా వస్తోంది. ఆపిల్ వల్లే అంటున్నారు మా అత్తయ్య. నిజమా?

బామ్మగారు
మీ అత్తయ్య సరిగ్గానే చెప్పారమ్మా. విరేచనాలప్పుడు ఉడికిన ఆపిల్ పెడితే కట్టేవి.

పిల్లల_నర్సు
సగం నిజం. ఉడికిన ఆపిల్‌లోని పెక్టిన్ నీటిని పట్టుకుని మలాన్ని గట్టిపరచగలదు. అదే ఆపిల్ రసంలో అయితే సార్బిటాల్ అనే చక్కెర ఉంటుంది, అది నీటిని పేగులోకి లాగి పలచన చేస్తుంది. ఒకే పండు, రెండు రకాల పని. సరళ గారూ, రెండు రోజులు ఆపిల్ తగ్గించి చూడండి, పాలు బాగా పట్టండి. బాబు ముక్కుతూ ఏడుస్తున్నా, రక్తపు చార కనిపించినా డాక్టరు దగ్గరికి. అలాగని ఆపిల్ రసం మొదలుపెట్టకండి, ఏడాదిలోపు పండ్లరసం అసలు వద్దని అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2017లోనే చెప్పింది.

బామ్మగారూ, విరేచనాలప్పుడు ఆపిల్ ఒక్కటే పెట్టి ఊరుకోవడం ఇప్పుడు ఎవరూ చెప్పడం లేదండీ. తల్లిపాలు, ఓఆర్ఎస్, ఎప్పుడూ తినే తిండి. ఆపిల్ కూడా పెడితే తప్పులేదు.

మూడోసారి_అమ్మ
నేను వేరే మాట అంటా, ఎవరూ కోప్పడొద్దు. ఎనిమిదో నెలలో ఇంకా గుజ్జు దేనికి? ముక్కలే ఇవ్వండి, చేత్తో పట్టుకుని తింటారు. మా చిన్నది ఆరో నెల నుంచే పట్టుకుని తింది.

సందేహాల_సరళ
పళ్లే రాలేదు కదా?

మూడోసారి_అమ్మ
చిగుళ్లతోనే నములుతారు. మీ వేలు ఒకసారి కొరకనిచ్చి చూడండి, ఎంత బలమో తెలుస్తుంది :)

ముగ్గురి_తల్లి
@మూడోసారి_అమ్మ తో నేను ఒప్పుకుంటా, కానీ ఒక షరతు మీద. ఉడికిన ముక్క మాత్రమే, అదీ పరీక్ష పాసయితేనే. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి మెల్లగా నొక్కితే ఏ అడ్డూ లేకుండా చిదిమిపోవాలి. చిగుళ్లు చేసే పని అదే. వేళ్లు కొంచెం బలం పెట్టాల్సి వచ్చినా ఇంకో రెండు నిమిషాలు ఆవిరికి.

పచ్చి ఆపిల్ ముక్క మాత్రం ఎన్ని పళ్లొచ్చినా చిన్నపిల్లల చేతికి ఇవ్వకండి. కొరికిన ముక్క గట్టిగా, జారుడుగా ఉంటుంది, నమిలే దవడ పళ్లు ఇంకా ఉండవు. నాలుగేళ్లలోపు పచ్చిది పెట్టాలంటే తురిమో, కాగితంలా పల్చగా కోసో ఇస్తా నేను.

ఆకారం కూడా ముఖ్యం. అరచేత్తో గుప్పిట పట్టే వయసులో పెద్దవాళ్ల వేలంత పొడుగు చెక్క ఇవ్వాలి, గుప్పిట బయటికి కొంచెం కనపడేలా. తొమ్మిది, పది నెలల్లో రెండు వేళ్లతో ఏరుకోవడం వస్తుంది, అప్పుడు చిన్న ముక్కలు. మా పెద్దాడి దగ్గర నేను గుజ్జు దగ్గరే ఆగిపోయా, ఏడాది దాటినా పలుకు తగిలితే ఉమ్మేసేవాడు. చాలా కష్టపడ్డాం. ఇంకొకరికి ఆ అవస్థ రాకూడదనే ఇంతలా రాస్తున్నా.

పిల్లల_నర్సు
దీనికి నా ఓటు. 9–10 నెలలు దాటేదాకా పలుకులు అలవాటు చెయ్యని పిల్లల్లో తర్వాత తిండి పేచీలు ఎక్కువ కనిపించాయని పరిశోధనల్లో కూడా వచ్చింది. అందుకే అసలు ప్రశ్నకు నా జవాబు: మిక్సీ వద్దమ్మా. ఆరో నెలలో వారం పది రోజులు నున్నగా పెట్టారనుకోండి, సరే. ఎనిమిదిలో ఫోర్కుతో మెదిపితే చాలు. గొట్టం పెట్టి పీల్చే సంచుల్లోది కూడా ఎప్పుడన్నా ప్రయాణంలో తప్ప రోజూ వద్దు, పీల్చడం వాళ్లకు పుట్టుకతోనే వచ్చు, నేర్చుకోవాల్సింది నమలడం.

ఇంకొకటి. ఆపిల్ తేలిగ్గా తింటున్నారని పూటపూటా అదే పెట్టకండి. అందులో 85 శాతం పైగా నీళ్లే, ఐరన్ దాదాపు లేనట్టే. ఆరు నెలల తర్వాత బిడ్డకు బయటి నుంచి ఐరన్ తప్పనిసరి, దానికి పప్పులు, గుడ్డు, మాంసం లాంటివి ఉండాలి. ఆపిల్ వాటి పక్కన.

తొక్క_పార్టీ
అందరూ చెక్కు తీసేయమంటున్నారు. పీచంతా అందులోనే కదా?

ముగ్గురి_తల్లి
తొక్క ముక్కగా ఉంటే అంగిలికి అతుక్కుంటుంది, నేను చూశా, పిల్ల ఊపిరాడనట్టు మొహం పెట్టింది. ఉండాలనుకుంటే ఇలా చెయ్యండి: ఎర్ర ఆపిల్‌ను బాగా కడిగి తొక్కతోనే ఆవిరి పట్టి, జల్లెడ మీద వేసి గరిటెతో రుద్దండి. తొక్క పైనే ఉండిపోతుంది, కింద లేత గులాబి రంగు గుజ్జు దిగుతుంది. ఆ రంగు చూస్తే నాకే తినాలనిపిస్తుంది.

తొక్క_పార్టీ
గులాబి రంగు! రేపే.

నిద్రలేని_నాన్న
ఏ రకం ఆపిల్ త్వరగా మెత్తబడుతుంది?

వంటింటి_రసాయనం
గ్రానీ స్మిత్ అనే పచ్చ రకం, హనీక్రిస్ప్ ఆకారం పోగొట్టుకోవు. చేత్తో పట్టుకునే చెక్కలకు అవి నయం, కాకపోతే గ్రానీ స్మిత్ పులుపు. మెకింటాష్ అయితే కాసేపటికే కుదేలయి గుజ్జవుతుంది. గాలా తియ్యగా ఉంటుంది, రెండింటికీ పనికొస్తుంది. ఫుజి గట్టిది, రెండు మూడు నిమిషాలు ఎక్కువ పడుతుంది. పేరు తెలియకపోతే దిగులొద్దు, కాస్త మగ్గి పిండిపిండిగా అయిన ఆపిల్ పచ్చిగా తినడానికి బాగోదు కానీ గుజ్జుకు బ్రహ్మాండం.

సందేహాల_సరళ
దాల్చినచెక్క వెయ్యొచ్చా? వాసన బాగుంటుందని

కవలల_నాన్న
మేము చిటికెడు వేస్తాం, తొమ్మిదో నెల నుంచి. మొదట్లో ఆపిల్ ఒక్కటే పెట్టాం, ఏది పడలేదో తెలియాలని.

వంటింటి_రసాయనం
వెయ్యొచ్చు, నమ్మకమైన పొడి అయితేనే. 2023లో అమెరికాలో దాల్చినచెక్క కలిపిన ఆపిల్ గుజ్జు సంచులను వెనక్కి తెప్పించారు, ఆ పొడిలో సీసం ఉందని తేలింది. పిల్లల రక్తంలో సీసం పెరిగింది. ఆ వార్త చదివినప్పటి నుంచి నేను పట్ట కొని ఇంట్లోనే కొంచెం దంచుతున్నా. ఆపిల్‌తో పాటు ఆవిరిలో చిన్న పట్ట ముక్క పెట్టి తీసేసినా వాసన పడుతుంది.

కొత్తగా_చేరా
మా బాబుకు పచ్చి ఆపిల్ తురుము పెడితే నోటి చుట్టూ ఎర్రబడి గోక్కున్నాడు. ఉడికిస్తే ఏమీ కాలేదు. ఇలా ఉంటుందా?

పిల్లల_నర్సు
ఉంటుంది. కొందరికి పచ్చి ఆపిల్‌లోని ఒక ప్రోటీన్ పడదు, వేడికి అది విరిగిపోతుంది. అయినా ఇంట్లో మీరే తేల్చుకోకండి, పచ్చిది ఆపేసి డాక్టరుకు చెప్పండి. పెదాలు వాచినా, ఊపిరికి ఇబ్బంది అనిపించినా ఆలస్యం చెయ్యకుండా ఆసుపత్రికి.

బుజ్జిదాని_అమ్మ
రెండు రోజులు కనపడలేదు, ప్రయోగాల్లో ఉన్నా.

నిన్న @ఆవిరిగిన్నె గారి పద్ధతి. గింజల గది అక్క చెప్పినట్టు ఏటవాలుగా కోసేశా, నీళ్లు కళపెళ మరిగాకే ముక్కలు పెట్టా. 9 నిమిషాలకు తీసి నొక్కితే వెన్నలా చిదిమింది. నాకు నమ్మకం కలగక ఇంకో ముక్క, ఇంకో ముక్క నొక్కుతూ సగం ఆపిల్ నేనే తినేశా. ఫోర్కుతో మెదిపి పెడితే పాప ఒక్కసారి మాత్రం ఓకరించింది, నేను కదలకుండా కూర్చున్నా, తనే సర్దుకుని మింగేసింది.

ఇవాళ వేలంత చెక్కలు ఇచ్చా. ఇక్కడే ఒక చిక్కు. చేతిలోంచి సబ్బులా జారిపోతున్నాయి. ఆరుసార్లు నేలమీద పడ్డాయి, ఏడోసారికి ఏడుపు.

ఆవిరిగిన్నె
తీశాక పళ్లెంలో ఒక్కో చెక్క విడివిడిగా పరిచి, మూత లేకుండా ఐదు నిమిషాలు వదిలెయ్యండి. పైతడి ఆరిపోతే జారదు. అలల్లా కోసే కత్తి ఉంటే ఇంకా పట్టు దొరుకుతుంది.

మూడోసారి_అమ్మ
ఓవెన్ ఉంటే 180 డిగ్రీల్లో పెట్టి చూడండి, చెక్కలకు పైన సన్నగా చర్మం కట్టినట్టవుతుంది, లోపల గుజ్జే. పావుగంట దాటాక నొక్కి చూస్తూ ఉండండి. ఆపిల్ మొత్తంగా పెడితే ముప్పావుగంట దాకా పడుతుంది, చెంచాతో తోడి పెట్టొచ్చు. ఆ పైచర్మం మరీ ఎండితే మాత్రం పాపకు ఇవ్వకండి.

కుక్కర్_వీరుడు
నేను కూడా నిన్న ఆవిరి మీద చేసి చూశా. ఒప్పుకుంటున్నా, చెక్కలకు ఆవిరే మేలు. కుక్కర్‌లో చెక్క నిలబడదు. గుజ్జుకు మాత్రం నా కుక్కర్‌ను వదలను.

బుజ్జిదాని_అమ్మ
ఆరబెట్టి ఇచ్చా! గుప్పిట బిగించి పట్టుకుంది, పైకి కనిపించే కొసను చిగుళ్లతో కొరికి, అటూ ఇటూ తిప్పి, నా వంక చూస్తూ నమిలింది. లోపల నలిగిందేమో వేళ్ల సందుల్లోంచి గుజ్జు వచ్చేసింది, అది కూడా నాకేసింది. జుట్టులో కొంత, చెవిలో కొంత. కడుపులోకి ఎంత పోయిందో తెలీదు గానీ నాకు కడుపు నిండింది.

బామ్మగారు
ఫోటో పెట్టకు గానీ దిష్టి తియ్యి తల్లీ.

మొదటిమెట్టు
ఇప్పుడే చదివా మొత్తం. మా పాపకు వచ్చే వారం ఆరు నెలలు నిండుతాయి. ఆవిరి మీద సరిగ్గా ఎన్ని నిమిషాలు పెట్టాలి? ఒకరు 8 అంటారు, ఒకరు 12 అంటారు.

బుజ్జిదాని_అమ్మ
మా ఇంట్లో ఒకరోజు 9, ఇంకోరోజు 13 పట్టింది, ఆ రెండోది ఫుజి. 8 దగ్గర ఒక ముక్క తీసి వేళ్లతో నొక్కండి, గట్టిగా ఉంటే మళ్లీ మూత పెట్టి రెండేసి నిమిషాలకు చూడండి. ఆ గింజల చుట్టూ పొర మాత్రం మర్చిపోకండి, కోశాక వేలితో ఒకసారి తడిమి చూడండి, గరుగ్గా తగులుతుంది. మొదటి వారమే కాబట్టి బాగా మెదిపి, ఆవిరి గిన్నెలోని నీళ్లు కొంచెం కలిపి పలచగా పెట్టండి. ఒకటి రెండు చెంచాలు తింటే చాలు. పాప లేచింది, ఆపిల్ పొయ్యి మీదుంది, మళ్లీ వస్తా.